మాస్టారి మీద పాట మనమే కడదాం

అందరికీ నమస్కారం. నిన్న బరంపురంలో రిహార్సల్ అయ్యాక, మన హార్మోనియం మాస్టారి సంతాప సభలో పాత సినిమా పాటలు పాడేద్దాం అనుకున్నాం కదా, ఇంటికొచ్చినా నాకది మింగుడు పడలేదు. ఆయన మీద మనమే ఓ పాట కట్టాలండీ.

ఇది కొత్తేం కాదు. త్యాగరాజస్వామి మీద శిష్యుడు వాలాజపేట వెంకటరమణ భాగవతార్ గురు మంగళాష్టకం రాశారు. స్వామి పోయిన 18 ఏళ్లకి పుట్టిన మైసూరు వాసుదేవాచార్యులు కూడా ఆయన మీద కల్యాణి రాగంలో కీర్తన చేశారు. అమెరికాలో జాజ్ సంగీతకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ 1974లో పోతే, 1976లో స్టీవీ వండర్ 'సర్ డ్యూక్' అని పాడాడు, అదేమీ ఏడుపు పాట కాదు, ట్రంపెట్లూ శాక్సఫోన్లూ కలిసి పరుగులు పెడతాయి. నాకు అంతకన్నా ఇష్టం ఇంకో జాజ్ సంగీతకారుడు చార్లెస్ మింగస్ చేసింది. 1959 మార్చిలో శాక్సఫోన్ వాయించే లెస్టర్ యంగ్ పోయాడు, మే నెలకల్లా మింగస్ ఆయన మీద పాట రికార్డు చేశాడు, అందులో ఒక్క మాట లేదు, యంగ్ పెట్టుకునే టోపీ పేరు మీదే దానికి 'గుడ్‌బై పోర్క్ పై హ్యాట్' అని పేరు పెట్టాడు.

మాస్టారి పెట్టె తిత్తికి అతికించిన ఎర్రగుడ్డ గుర్తుందా? రెండుసార్లు నొక్కితే గానీ పలకని ఆ గాంధారం? పల్లవి అక్కడే మొదలుపెడదాం, గాంధారం రెండుసార్లు. ఒక చరణం ఒడియాలో ఉండాలి, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో సగం మంది ఒడియావాళ్లే. తోచిన లైన్లు ఆదివారంలోపు వాయిస్ మెసేజ్ పెట్టండి. తబలా అన్నయ్యా, ఆయనకిష్టమైన రూపక తాళమే వేద్దాం.