నిప్పట్ల డబ్బాలో కార్డు పెట్టాను

చిన్నోడా,

బాగున్నావా? ఇక్కడ మేమంతా బాగున్నాం. వాన లేదు, చెనక్కాయ వేసినవాళ్ళంతా మొగులు వైపే చూస్తున్నారు. బుజ్జమ్మకు పెయ్యదూడ పుట్టింది. మేడ మీద కొళాయి కారుతుంటే నేనే వాషరు మార్చాను.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు "సరే నాయనా, మీటింగుంది" అంటావు. కాగితాన్ని అట్లా మధ్యలో పెట్టేయలేవు.

నీకు ఇంప్లాంటు వేశారు కదా, అదే, దవడ ఎముకలో టైటానియం మర బిగించి దాని మీద పెట్టిన పన్ను. పోయిన మంగళవారం ఆ పళ్ళ క్లినిక్ నుంచి ఫోనొచ్చింది. ఏం లేదు, ఊరికే చెబుతున్నా. నీ కాగితాల్లో ఉన్నది నా నెంబరే కదా. "మీ అబ్బాయి పోయిన ఏడాది ఫిబ్రవరి తర్వాత రాలేదు సార్" అంది ఆ అమ్మాయి. బెంగళూరులోనే చూపించుకుంటున్నాడమ్మా అని చెప్పేశాను. నిజమే కదా? సరే, వదిలేయ్.

మీ అమ్మ నిప్పట్లు చేస్తోంది. ముందు పళ్ళతో కొరకొద్దు, తుంచుకుని దవడ పళ్ళతో నమలు. రూములో నీళ్ళు ఎట్లా ఉన్నాయి? అన్నం వేళకు తింటున్నావా? రాత్రి పన్నెండుకు తినేదాన్ని అన్నం అనరు. తిన్నాక నోరు పుక్కిలిస్తున్నావా? పళ్ళ సందుల్లో తోముకునే చిన్న బ్రష్షు ఇచ్చారు కదా, అది ఇక్కడి అలమారులోనే ఉంది. ప్యాకెట్టు కూడా విప్పలేదు.

ఇన్నేళ్ళు డిపోలో పనిచేశాను. చప్పుడు చేసే బండికి ఎప్పుడూ భయపడలేదు, దాన్ని డ్రైవరే తెచ్చి షెడ్డు ముందు నిలబెడతాడు. చప్పుడు లేకుండా అరిగేదే గుత్తి రోడ్డు మీద నడిరాత్రి నిలబెట్టేస్తుంది. నీ పన్నూ అట్లాంటిదే. మామూలు పంటికీ ఎముకకీ మధ్య పలచటి పొర ఉంటుంది, తేడా వస్తే అది చెబుతుంది. టైటానియం మరకు ఆ పొర లేదు, నేరుగా ఎముకే పట్టుకుంటుంది. చుట్టూ చిగురు చెడినా చాలాసార్లు నొప్పే తెలియదు. తోముకునేటప్పుడు కాస్త రక్తం కనిపిస్తుంది, అంతే. నొప్పి లేదు కాబట్టి బాగుందనుకుంటాం. పంటికీ బస్సుకీ పొంతనేంటి అని మీ అమ్మ నవ్వుతోంది. నవ్వనీ.

స్వీడన్‌లో 1965లో మొదటగా ఒకాయనకు వేసిన మరలు, ఆయన పోయేదాకా 40 ఏళ్ళు నిలిచాయని డాక్టరు చెప్పాడు, గుర్తుందా? నువ్వు ఫోన్ చూసుకుంటున్నావు, నేను విన్నాను.

మీ తాడిపత్రి మామ సంగతి నీకు పూర్తిగా తెలియదు. కింద దవడకు రెండు వేయించుకున్నాడు కదా. క్యాపులు బిగించాక రెండుసార్లు వెళ్ళాడు, ఆ తర్వాత మానేశాడు. పిసినారితనం అని ఇంట్లో అందరూ అన్నారు, నేనూ అన్నాను. అసలు సంగతి మొన్న రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు చెప్పాడు. బీడీ మానేస్తానని డాక్టరుకు మాటిచ్చాడట. మానలేదు. షుగరు కూడా అదుపులో లేదు. పళ్ళు శుభ్రం చేసే అమ్మాయి అందరి ముందూ "ఏం పెద్దాయనా, తోముకోవట్లేదా" అందట. ఆ తర్వాత ఒకరోజు అపాయింట్‌మెంటుకని బస్సెక్కి అనంతపురం వచ్చాడు. క్లినిక్ మెట్ల దాకా వెళ్ళాడు. కింద టీ కొట్లో కూర్చుని రెండు టీలు తాగి, తిరిగి ఊరెళ్ళిపోయాడు. అత్తకు "డాక్టరు లేడు" అని చెప్పాడు! ఆర్నెల్లు దాటాక మొహం చూపించాలంటే ఇంకా సిగ్గు. ఏడాది దాటాక ఫోనొస్తే ఎత్తనే లేదు. నెంబరును "పళ్ళు" అని దాచుకున్నాడు, ఎత్తకుండా ఉండటానికి.

చివరికి ఒక పన్ను కదిలింది. ఏం చేశాడనుకున్నావ్? నా దగ్గరికి వచ్చి, "బావా, నీ దగ్గర సన్న అలెన్ కీ ఉందా, కొంచెం బిగిస్తావా" అని నోరు తెరిచాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నేనే పట్టుకుని తీసుకెళ్ళాను. ఎక్సరేలో మర చుట్టూ ఎముక గిన్నె తీరుగా గుంటపడి ఉంది. చిగురు వాచిన దశలో వస్తే శుభ్రం చేస్తే తగ్గేది, ఎముక ఇంత తగ్గాక ఆ మర తీసేయాల్సిందే అన్నారు. డాక్టరు ఒక్క మాట కూడా తిట్టలేదు. బయటికొచ్చాక మీ మామ, "ఇంతేనా బావా, దీనికా నేను రెండేళ్ళు దాక్కున్నాను" అన్నాడు.

నువ్వు మీ మామ లాంటివాడివని నేననడం లేదు. దీపావళికి నువ్వొచ్చి వెళ్ళాక నీ చొక్కా ఉతుకుతూ మీ అమ్మ వాసన గురించి ఏదో అంది. నేను విననట్టే ఉన్నాను. ఆ పొగకూ ఆ మరకూ పడదని మాత్రం చెబుతున్నా. డాక్టరుకు ఉన్నది ఉన్నట్టు చెప్పు, నాకు చెప్పకపోయినా సరే.

ఇంకొకటి. ఆ రోజు కౌంటరు దగ్గర నేను "ఒక్క పంటికి ఇంతా! బోరుకు మోటరు వచ్చేది" అన్నాను. మీ అమ్మతో అన్నాను గానీ నీతో కాదు. నువ్వు అటు తిరిగి నిలబడ్డావు. మోటరు ఎట్లాగూ వచ్చే ఏడాదికే అనుకున్నాం. చూపించుకోవడానికి అయ్యే ఖర్చు పెద్ద లెక్కా? నీ దగ్గర లేకపోతే అడుగు, పంపిస్తాను. అడగవు, నాకు తెలుసు. అందుకే ఐదు వేలు నీ ఖాతాలో వేశాను.

అనంతపురం దాకా రాలేకపోతే అక్కడే ఎవరికైనా చూపించు. కానీ కార్డు ఉండాలి. మర ఏ కంపెనీది, ఎంత సైజు అన్నది దాని మీదే ఉంటుంది. కంపెనీకొక రకం, ఒకదాని స్క్రూడ్రైవరు ఇంకోదానికి పట్టదు. ఇది నాకెవరూ చెప్పక్కర్లేదు. బీరువాలో మీ అమ్మ పట్టుచీరల కింద దొరికింది, మొదటి ఎక్సరేతో సహా. రెండూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి నిప్పట్ల డబ్బా అడుగున పెట్టాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగకు.

ఇదివరకు ఆ పంటి కోసమైనా మూడు నెలలకోసారి వచ్చేవాడివి. మీ అమ్మ ఆ తేదీలు క్యాలెండర్లో రాసుకునేది.

శనివారం వస్తే ముందే చెప్పు, ఉగ్గాణికి బొరుగులు తేవాలి. ఆదివారం క్లినిక్ ఉండదు, సోమవారం సెలవు పెట్టుకుని రా. బస్సులో కిటికీ పక్కన కూర్చోవద్దు, జలుబు చేస్తుంది.

మీ నాయన