ఇక్కడి 28, అక్కడి 28

కేన్సస్ సిటీ, అమెరికా
అక్టోబరు 29, బుధవారం

నాన్నగారికి నమస్కారాలు.

పొద్దున ఫోన్‌లో మీరు "28 డిగ్రీలే కదమ్మా, ఇక్కడ వైజాగ్‌లోనూ అంతే ఉంది, దానికి స్వెట్టరెందుకు?" అన్నారు. ఆఫీసు పనిలో ఉండి సరేనని పెట్టేశాను గానీ, తర్వాత ఒకటే నవ్వు. ఇక్కడివాళ్లు ఇంకా ఫారన్‌హీట్‌లోనే చెబుతారు నాన్నా. ఆ 28 అంటే మన లెక్కలో సున్నాకి రెండు డిగ్రీలు కింద. ఫోన్‌లో రోజూ మా ఊరి వాతావరణం చూస్తున్నారని అమ్మ చెప్పింది. చూడండి, కానీ అంకె పక్కన ఏ అక్షరం ఉందో కూడా చూడండి.

"ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారు?" అని కూడా అడిగారు. పోర్టులో అన్నేళ్లు చేసిన మనిషి ఇంకేం అడుగుతారు! ఇక్కడ నంబర్లు లేవు. వచ్చింది తుపాను కూడా కాదు, కోల్డ్ ఫ్రంట్. మన తుపానైతే బంగాళాఖాతంలో పుట్టి, సుడి తిరుగుతూ, ఇటా అటా అని రెండు మూడు రోజులు టెన్షన్ పెట్టి వస్తుంది. ఇది సుడి కాదు, గీత. కెనడా వైపు నుంచి దిగే చల్లటి పొడిగాలి, ఇక్కడున్న వెచ్చటి తేమగాలి కిందికి దూరుతుంది. చల్లగాలి బరువు కదా, వెచ్చటిది పైకి లేవక తప్పదు. అలా లేచిన చోటల్లా మబ్బులు, ఉరుములు. మన దగ్గరికి ఇలాంటి చలి దిగకుండా హిమాలయాలు అడ్డుగోడలా ఉన్నాయి. ఇక్కడ రాకీ పర్వతాలు ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా పడుకున్నాయి. కెనడా నుంచి మెక్సికో గల్ఫ్ దాకా తలుపులు బార్లా తీసినట్టే.

సోమవారం మధ్యాహ్నం అచ్చం వాన ముందు బీచ్ రోడ్డులా ఉక్క. దక్షిణం గాలి, 26 డిగ్రీలు, మనవే. నాలుగింటికి గాలి ఒక్కసారిగా తిరిగి వాయవ్యం నుంచి వీచింది. అరగంట కుండపోత. ఆఫీసు నుంచి బయటికొచ్చేసరికి 12. పొట్టి చేతుల చొక్కాతో కారు దాకా పరిగెత్తాను.

ఆ రాత్రి ఈదురుగాలికి భయపడి కరివేపాకు కుండీని లోపలికి లాక్కొచ్చాను. ఇక్కడి తెలుగావిడ ఒకరిచ్చిన మొక్క, మూడేళ్లు పెంచాను. మంగళవారం చక్కటి ఎండ, గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండ తగులుతుందని కుండీ మళ్లీ బాల్కనీలో పెట్టాను. అసలు చలి మంగళవారం రాత్రేనని వాతావరణ శాఖవాళ్లు చెబుతూనే ఉన్నారు. గాలి పోయాక చలేమిటని నేనే పట్టించుకోలేదు.

హుద్‌హుద్ తుపాను నాడు, 2014లో, మధ్యాహ్నం గాలి ఆగిపోతే అయిపోయిందనుకుని నేను మేడ మీదికి వెళ్లబోయాను గుర్తుందా? మీరు రెక్క పట్టుకుని లాగి, "అది తుపాను కన్ను, ఇంకో సగం ఉంది" అన్నారు. కారణం వేరు గానీ, నేను చేసిన తప్పు మాత్రం అదే. గాలి వీస్తుంటే పైనున్న వెచ్చటి గాలి కిందిదాంతో కలుస్తూ ఉంటుంది, నేల మరీ చల్లబడదు. గాలి ఆగి, మబ్బులూ లేకపోతే నేలలో వేడంతా ఆకాశంలోకి పోతుంది. మబ్బు దుప్పటి లాంటిది, అది లేని రాత్రి అన్నమాట.

పొద్దున్న లేచేసరికి గడ్డి మీదంతా ఉప్పు చల్లినట్టు మంచు పేరుకుని ఉంది. లంబసింగిలో మనం తెల్లారగట్ల వణుకుతూ చూశామే, అంతకంటే మందంగా. చూడ్డానికి బాగానే ఉంది. కరివేపాకు మాత్రం ఉడికించిన తోటకూరలా వేలాడిపోయింది. సాయంత్రానికి ఆకులు నల్లబడ్డాయి.

శుక్రవారానికి మళ్లీ దక్షిణం గాలి, 65 అంటున్నారు. కంగారుపడకండి, అది మన 18. వచ్చేవారం ఇంకో ఫ్రంట్ ఉందట. మీ దగ్గర అల్పపీడనం అని అమ్మ అంది. మేడ మీద రేకులు ఈసారైనా బిగించారా?

అమ్మా, కాండం గోరుతో గీకితే అడుగున జానెడు మేర ఇంకా పచ్చగానే ఉంది. పైదంతా కొట్టేయనా, చలికాలం పోయేదాకా అలాగే ఉంచనా? ఆదివారం ఫోన్ చేస్తాను, అప్పుడు చెప్పు.

మీ అమ్మాయి