సైటుకు తప్పంతా వంశానిదేనా?

సంపాదకుడు గారికి,

పిల్లలకు ఇంత చిన్న వయసులోనే కళ్లజోడు ఎందుకు వస్తోందని ఒక పాఠకుడు అడిగితే, మీ ఆరోగ్యం పేజీలో 'వంశపారంపర్యం' అని ఒక్క మాటలో తేల్చేశారు. అది అబద్ధం కాదు గానీ సగం జవాబు. నాకూ మా ఆయనకూ చిన్నప్పటి నుంచీ సైటు ఉంది. మూడో తరగతిలో మా అమ్మాయికి బోర్డు మీది అక్షరాలు కనపడటం లేదని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ అన్నది ఇదే: "మీ ఇద్దరికీ ఉంది కదా, దానికి రాకుండా ఎలా ఉంటుంది!" నేనూ సరేననుకున్నాను. అలా అనుకుని ఊరుకున్నందుకే ఈ ఉత్తరం.

కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికంటే పొడవు పెరిగితే దూరపు వస్తువుల వెలుగు కంటి వెనక పొర అయిన రెటీనా మీద కాకుండా, దానికి ముందే కలుస్తుంది. మనం సైటు అనే హ్రస్వదృష్టి అదే. ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగినా అద్దాల పవర్ రెండున్నర డయాప్టర్ల (పవర్‌ను కొలిచే ప్రమాణం) దాకా మారుతుంది. ఈ పెరుగుదలలో జన్యువుల పాత్ర పెద్దదేనని కవలల మీద చేసిన పరిశోధనలు చెబుతున్నాయి. 2020 నాటికే దీనితో సంబంధమున్న జన్యుస్థానాలు, అంటే మన జన్యుపదార్థంలోని చోట్లు, 400 పైచిలుకు బయటపడ్డాయి. ఒక్కోదాని ప్రభావం మాత్రం చాలా చిన్నది.

అయితే ఒక్క తరంలో జన్యువులు మారిపోవు కదా! అలాస్కా ఉత్తర కొసన ఉండే ఇన్యూట్ ఆదివాసీ కుటుంబాలను పరిశీలించి 1969లో ప్రచురించిన లెక్క చూడండి. పెద్దవాళ్లు 131 మందిలో ఇద్దరికే హ్రస్వదృష్టి. వాళ్ల పిల్లలూ మనవల్లో సగం మందికి పైగా ఉంది. మధ్యలో వచ్చింది బడి చదువు.

అందుకని పుస్తకాలనో ఫోన్లనో తిట్టి ఊరుకున్నా సరిపోదు. చైనా మూలాలున్న ఆరేడేళ్ల పిల్లలను సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ పోల్చిన అధ్యయనం 2008లో వచ్చింది. సిడ్నీలో 3.3 శాతం మందికి సైటు ఉంటే సింగపూర్‌లో 29.1 శాతం మందికి ఉంది. తమాషా ఏమిటంటే పుస్తకాలు ఎక్కువ చదివింది సిడ్నీ పిల్లలే! కాకపోతే వాళ్లు వారానికి 14 గంటల దాకా ఆరుబయట గడిపారు. సింగపూర్ పిల్లలు గడిపింది మూడు గంటలే. పగటి వెలుగుకు రెటీనాలో డోపమిన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు సాగకుండా అదుపు చేస్తుందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. బయట వెలుగు వేల లక్సుల్లో (వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, ఎన్ని లైట్లు వేసినా తరగతి గదిలో సాధారణంగా కొన్ని వందలే.

నాకు గుచ్చుకున్నది మరొకటి. తల్లిదండ్రులిద్దరికీ సైటు ఉన్నా, బయట ఎక్కువసేపు ఆడుకునే పిల్లలకు ముప్పు బాగా తగ్గుతుందని అమెరికాలో 2007లోనే తేల్చారు. అంటే మా అమ్మాయి విషయంలో మేం చేయగలిగింది ఉంది.

వచ్చిన సైటు ఎండలో ఆడితే పోదు, అద్దాలు పెట్టుకోవాల్సిందే. తక్కువ పవర్ అద్దాలిస్తే పెరగకుండా ఆగుతుందన్న నమ్మకంలోనూ నిజం లేదు. మన చేతిలో ఉన్నది రాకుండా చూసుకోవడం, లేదా ఆలస్యం చేయడం. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజుకు 40 నిమిషాలు అదనంగా ఆరుబయట పీరియడ్ పెడితే, మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవారు 30.4 శాతం మందే; ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం మందికి వచ్చింది. తైవాన్ 2010లోనే రోజుకు రెండు గంటలు పిల్లలను బయట ఉంచమని బడులకు చెప్పింది. మా అమ్మాయి బడిలో మాత్రం పరీక్షల టెన్షన్ మొదలైతే ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే, దాన్ని లెక్కలకు ఇచ్చేస్తారు. ఇంటి దగ్గర మేం ఎంత జాగ్రత్తపడ్డా, వెలుగున్న గంటలన్నీ బడి చేతిలోనే ఉన్నాయి. ఆ పీరియడ్‌ను ఎవరూ ముట్టుకోకూడదని విద్యాశాఖే నిబంధన పెట్టాలి. మీరు కూడా ఆ జవాబును ఈసారి పూర్తిగా వేయండి.

మా రెండోవాడికి నాలుగేళ్లు. వాడికీ మా జన్యువులే. చేర్చాలనుకుంటున్న బడిలో టైంటేబుల్ చూపించమని అడిగాను, ఇంకా చూపించలేదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు