పాట దేని మీద నిలబడిందో ముందు చూడు

మాంచెస్టర్,
ఆదివారం రాత్రి.

చిరంజీవి చిన్నాకి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందని నాన్న చెప్పారు, మనసు కుదుటపడింది.

నువ్వు పంపిన పాటల పట్టిక చూశాను. కాలేజీ వార్షికోత్సవంలో 40 నిమిషాలు, ఐదు పాటలు, అన్నీ వేరేవాళ్ళవే, అంటే కవర్లు. ఎలా వాయిస్తే మీ పాట అవుతుంది, ఎలా వాయిస్తే చెడగొట్టినట్టవుతుంది అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని రాస్తున్నాను. మేడ మీది గదిలో నలుగురూ కూర్చుని చదవండి, గిటార్లు పక్కన పెట్టుకుని.

ప్రతి పాటా ఏదో ఒకదాని మీద నిలబడి ఉంటుంది. ఒకదానికి అది మాట, ఇంకోదానికి వరస, మరోదానికి నడక. కొన్నిటికి గిటారు మీద మూడు స్వరాల ముక్క, కొన్నిటికి కేవలం పాడినవాళ్ళ గొంతు. ఇంట్లో అడ్డగోడలు ఎన్నైనా పడగొట్టి మార్చుకోవచ్చు. స్తంభం తీస్తే మాత్రం, అంత బరువూ మోసేది ఇంకొకటి నిలబెట్టాలి. మంచి కవర్‌కీ చెడ్డ కవర్‌కీ తేడా నాకు తెలిసి ఇక్కడే ఉంది.

దీనికి ఒకే పాటని ముగ్గురు ఏం చేశారో చూడు. రోలింగ్ స్టోన్స్ 1965లో చేసిన 'శాటిస్‌ఫాక్షన్'కి స్తంభం మొదట్లో, మోతని గరగరలాడించే ఫజ్ పెడల్ మీద వచ్చే ఆ గిటారు ముక్క. కీత్ రిచర్డ్స్ అసలు దాన్ని బాకాలతో వాయించాలనుకుని, గుర్తు కోసం ఫజ్ మీద వాయించి పెట్టాడు, అదే రికార్డులో ఉండిపోయింది. అదే ఏడాది ఓటిస్ రెడ్డింగ్ ఆ ముక్కని నిజంగానే బాకాలకిచ్చాడు. స్తంభం అక్కడే ఉంది, రాయి మారింది. డీవో బృందం 1970ల చివర్లో ఆ ముక్కని పూర్తిగా తీసేసింది, కానీ దాని చోట విరిగిన చక్రంలా కుదుపుతూ, పాట పొడుగునా వదలని లయ ఒకటి పెట్టింది. బరువుకి బరువు సరిపోయింది. 2000లో బ్రిట్నీ స్పియర్స్ కూడా ఆ ముక్క తీసేసింది, ఆ చోట అంత గట్టిది ఏదీ రాలేదు. ముందు ఈ మూడూ వరసగా వినండి. మిగతా ఉత్తరం తేలిగ్గా అర్థమవుతుంది.

స్తంభం ఎక్కడుందో కనిపెట్టడానికి ఒక పద్ధతుంది. పాటని విడదీసి నాలుగుసార్లు వాయించండి: ఒకసారి మాటలు మాత్రం చదవడం, ఒకసారి తీగలేవీ లేకుండా వరస కూనిరాగం తీయడం, ఒకసారి కార్డులు (ఒకేసారి కలిపి మోగించే స్వరాలు) మాత్రం, చివరికి చప్పట్లతో లయ మాత్రం. పక్కింటి పిల్లాణ్ణి పిలిచి వినిపించండి. దేని దగ్గర పాట పేరు చెప్పేశాడో అదే స్తంభం.

ఇక మీ పట్టిక.

'ఆల్ అలాంగ్ ది వాచ్‌టవర్' మంచి ఎంపిక. బాబ్ డిలన్ 1967లో అకూస్టిక్ గిటారు, హార్మోనికా, బేస్, డ్రమ్స్‌తో రెండున్నర నిమిషాల్లో ముగించాడు. దానికి పల్లవే లేదు. మూడు చరణాలు, మూడు కార్డులు, మొదటినుంచి చివరిదాకా అదే చుట్టు. స్తంభం ఆ చుట్టే. అది అంత గట్టిగా ఉంది కాబట్టే జిమీ హెండ్రిక్స్ 1968లో దాని మీద నాలుగు నిమిషాల మేడ కట్టగలిగాడు. తర్వాత డిలనే కచేరీల్లో హెండ్రిక్స్ పద్ధతికి దగ్గరగా వాయించడం మొదలుపెట్టాడు. కవర్‌కి అంతకన్నా పెద్ద గౌరవం ఉండదు.

మీరు హెండ్రిక్స్ రికార్డుతో కలిపి సాధన చేస్తే గిటారు అరస్వరం దించి శ్రుతి చేసుకోండి. సి షార్ప్ మైనర్, బి, ఎ, మళ్ళీ బి పట్టుకుంటే సి మైనర్‌లో మోగుతుంది. తీగలు దించితే వదులవుతాయి, సన్నవైతే ఫ్రెట్ల మీద గరగరమంటాయి. 9 గేజి తీగల సెట్టు తీసి, కాస్త లావైన 10 వేయండి. ఈ పాటలో కుర్రాళ్ళు తప్పు చేసేది మధ్య సోలో దగ్గర. అది నాలుగు ముక్కలు: మామూలు లీడ్, తర్వాత స్లైడ్, తర్వాత వా వా పెడల్, ఆఖర్న కార్డులతో లయ. నాలుగు ముక్కలకీ నాలుగు రంగులు. మొదటి చరణం నుంచే డిస్టార్షన్ (మోతని చీల్చి గరుకుగా చేసేది) నిండా పెట్టేసుకుంటే సోలోకి మిగిలేదేమీ ఉండదు, మూడు కార్డులు రోలు చుట్టూ తిరిగినట్టుంటాయి. చరణాల్లో అకూస్టిక్ గిటారు లయ పైన వినిపించాలి. రికార్డులో ఆ 12 తీగల అకూస్టిక్ వాయించింది డేవ్ మేసన్. అది లేకపోతే పాట పరుగెత్తదు.

రెండోది, 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్'. బీటిల్స్ 1967లో చేసినప్పుడు ఉల్లాసంగా నడిచే నాలుగు లెక్క. గాయకుడు వాళ్ళ డ్రమ్మర్ రింగో, గొంతు పరిధి చిన్నది కాబట్టి వరసని చిన్న పరిధిలోనే కట్టారు. జో కాకర్ 1968లో ఏం చేశాడంటే, మన భాషలో చెప్పాలంటే, చతురస్ర నడకని (నాలుగు లెక్క) విలంబంగా, అంటే మెల్లగా, తిస్రానికి (మూడు లెక్క) మార్చాడు. పరిధి చిన్నదైన వరసలో స్వరాల మధ్య ఎంతో ఖాళీ దొరికింది, ఆ ఖాళీలో గొంతు చించుకుని పాడాడు. ఇక్కడ స్తంభం ప్రశ్న, జవాబు. ఒకడు అడుగుతుంటే వెనకవాళ్ళు అందుకుంటారు. రెండు రికార్డుల్లోనూ అది చెక్కు చెదరలేదు. మీ బృందంలో వెనక పాడేవాళ్ళు ఇద్దరైనా లేకపోతే ఈ పాట ముట్టుకోకండి. మొదట్లో ఆర్గాన్ మెల్లగా, డ్రమ్స్ లోపలికి రావడం ఆలస్యంగా. డ్రమ్మర్‌కి మూడు లెక్క అలవాటు లేకపోతే వారంపాటు చేత్తో తొడ మీద "తకిట తకిట" వేయించు. అలవాటు లేనివాడు ఉత్సాహంలో పడగానే మళ్ళీ నాలుగులోకి జారిపోతాడు, అప్పుడు గాయకుడు గాల్లో మిగిలిపోతాడు.

ఈ నడక మార్చే పని తెలుగు పాటల మీద చేయాలనుకుంటే చాలా జాగ్రత్త. ఇంగ్లీషులో అచ్చుని ఎంత సాగదీసినా మాట మారదు. మనకి గురువు, లఘువు తేడాలోనే అర్థం ఉంది. "కల"ని సాగదీస్తే "కాల" వినిపిస్తుంది, "పడు" కాస్తా "పాడు" అవుతుంది. నాలుగు మాత్రల్లో కుదిరిన మాటని మూడు మాత్రల్లోకి పెట్టేటప్పుడు గురువుకి రెండు, లఘువుకి ఒకటి వచ్చేలా కాగితం మీద ముందు గీసుకోవాలి. ఎక్కడ సాగదీయాలన్నా దీర్ఘం ఉన్నచోటో, మాట చివరో సాగదీయాలి. ఈ లెక్క చూడకుండా నడక మారిస్తే వినేవాళ్ళకి మాట అందదు, ఎందుకు అందలేదో కూడా తెలియదు. పాట బాగాలేదని మాత్రం అనిపిస్తుంది.

'హర్ట్'ని జానీ క్యాష్ పద్ధతిలో పాడాలన్న నీ ఆలోచనతో ఏకీభవించను. నైన్ ఇంచ్ నెయిల్స్ 1994లో చేసిన మూలంలో గిటారు కావాలని ఒక అపస్వరం మీద కూర్చుంటుంది, చివరికి పాట మొత్తం డిస్టార్షన్ హోరులో మునిగిపోతుంది. జానీ క్యాష్ 2002లో పాడేనాటికి ఆయనకి 70 ఏళ్ళు. అపస్వరం తీసేసి చరణాల్లో ఎ మైనర్, సి, డి అనే నిఖార్సైన మూడు కార్డులు పెట్టాడు, ఒక బూతుమాట తీసి ముళ్ళ కిరీటం అన్నాడు. పియానో మీద ఒకే స్వరం కొడుతూ కొడుతూ పెరుగుతుంది. మిగతా బరువంతా ఆ వణికే గొంతు మోసింది. మరుసటేడు సెప్టెంబరులో ఆయన పోయాడు. ఇప్పుడు 20 ఏళ్ళ కుర్రాడు క్యాష్ పద్ధతిలో పాడితే ఏం మిగులుతుంది? స్తంభమే ఆ వయసు. అది నీ దగ్గర లేదు, ఉండకూడదు కూడా. మిగిలేవి ఆ కార్డులే. ఈ పాట చేయాలనే ఉంటే మూలం వైపు వెళ్ళండి, అపస్వరాన్ని తిరిగి తెచ్చుకోండి, హోరుని కీబోర్డు మీద కట్టండి.

'బిహైండ్ బ్లూ ఐస్' అయితే లింప్ బిజ్‌కిట్ పద్ధతిలో వద్దే వద్దు. ది హూ 1971లో చేసిన పాట సగం దాకా నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారి డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో బద్దలవుతుంది, మళ్ళీ చల్లబడుతుంది. స్తంభం ఆ మలుపే. 2003 కవర్‌లో ఆ భాగాన్ని తీసేసి, మాటలు పలికే బొమ్మ గొంతుతో బృందం పేరులోని అక్షరాలు చెప్పించారు. ఐరోపాలో అది బాగానే అమ్ముడైంది, నాకు మాత్రం ఇప్పటికీ బాధగా ఉంటుంది. బిగబట్టిన ఊపిరిని వదలనివ్వకుండా పాట ముగించారు. మీరు మూలమే వాయించండి. మలుపుకి ముందు నాలుగు లెక్కలు పూర్తి నిశ్శబ్దం ఉంచండి, ఆంప్‌ల (గిటారు మోత పెంచే పెట్టెల) బుస్సు కూడా వినపడకుండా గిటార్ల వాల్యూమ్ దించి.

చివరిగా 'శివశంకరీ'. దీని గురించే ఎక్కువ రాయాలి, ఎందుకంటే సభలో అందరికీ తెలిసిన పాట ఇదొక్కటే. 1961 'జగదేకవీరుని కథ'కి పింగళి రాసి, పెండ్యాల కట్టి, ఘంటసాల పాడిన దర్బారీ కానడ రాగం పాట. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఈ పాట కోసమే కూర్చునేవాళ్ళ చెవులు ఒక్కచోట ఆగుతాయి: గాంధారం దగ్గర. ఆ సాధారణ గాంధారం నిలకడగా ఉండదు, రిషభం వైపు వాలుతూ మెల్లగా ఊగుతుంది. ధైవతమూ అంతే. ఆ ఊపే స్తంభం. కీబోర్డు మీట నొక్కితే స్వరం కదలదు కాబట్టి ఊపు చచ్చిపోతుంది. కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందకీ జరిపే పిచ్ వీల్‌ని రెండు అరస్వరాల పరిధికి పెట్టుకుని, వీల్‌ని మెల్లగా కదపడం సాధన చేయాలి. గిటారు మీదయితే రిషభం ఫ్రెట్ పట్టుకుని తీగని మెల్లగా అరస్వరం దాకా లాగి వదలాలి. శ్రుతి దించిన గిటారు మీద ఈ లాగడం తేలిక.

దీనికి డిస్టార్షన్‌తో మైనర్ కార్డు వేస్తే ఏం జరుగుతుందో కూడా తెలుసుకోండి. డిస్టార్షన్‌లో రెండు స్వరాలు కలిస్తే వాటి ఫ్రీక్వెన్సీల తేడా మరో స్వరంగా పుడుతుంది. షడ్జం, పంచమం నిష్పత్తి 2:3. తేడా 1, అంటే కింది స్థాయి షడ్జమే, హాయిగా కలుస్తుంది. షడ్జం, సాధారణ గాంధారం నిష్పత్తి 5:6. తేడా 1 ఇక్కడ షడ్జంలో అయిదో వంతు, అది బాగా కింద శుద్ధ ధైవతంలో పడుతుంది. గిటారు ఫ్రెట్లు ఆ నిష్పత్తికి కచ్చితంగా ఉండవు కాబట్టి ఆ స్వరం కూడా కాస్త పక్కకి పోయి బురదలా వినిపిస్తుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. గిటారు గాంధారాన్ని ఒకచోట మేకు కొట్టి నిలబెడితే గాయకుడు దాన్ని ఊపలేడు. అందుకని షడ్జం, పంచమం మాత్రమే వేయండి, గాంధారం గొంతుకి వదిలేయండి. బేస్ తంబూరాలా షడ్జం పట్టుకుంటే చాలు. ఇంత తగ్గించి వాయిస్తే ఈ పాట రాక్ బృందం చేతిలో గొప్పగా నిలుస్తుంది, నాకు నమ్మకముంది.

కొన్ని చిన్న సంగతులు. లయ వేగం మూలానికి నిమిషానికి నాలుగైదు బీట్లు అటూ ఇటూ ఉంటే జనం తప్పు వాయించారనుకుంటారు. మారిస్తే కనీసం 20 మార్చండి. పాటల శ్రుతి సాధన మొదట్లో కాకుండా చివర, గొంతు అలిసిన తర్వాత నిర్ణయించండి, పై స్వరం అప్పుడు అందితేనే వేదిక మీద అందుతుంది. మధ్యలో శ్రుతి మార్చుకోవడానికి టైము పోతుంది కాబట్టి అన్ని పాటలకీ గిటార్లు అరస్వరం దించే ఉంచండి. సౌండ్ మిక్సర్‌లో గిటార్లకి 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గిస్తే హల్లులు బయటికి వస్తాయి.

అనుమతుల గురించి అడిగావు. కాలేజీ కార్యక్రమంలో విద్యార్థులే పాడుతూ, వినేవాళ్ళు కూడా విద్యార్థులు, సిబ్బంది, తల్లిదండ్రులే అయితే 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. రేపు జూబ్లీహిల్స్‌లో టిక్కెట్లు పెట్టి వాయిస్తే అది వర్తించదు, నిర్వాహకులు పాటల హక్కులు చూసే సంస్థ ఐపీఆర్‌ఎస్ నుంచి లైసెన్సు తీసుకోవాలి. రికార్డు చేసి అమ్మాలంటే అదే చట్టంలో 2012లో చేర్చిన 31సి సెక్షన్ చూడండి. మొదటి రికార్డు చేసిన ఏడాది ముగిశాక అయిదు క్యాలెండర్ సంవత్సరాలు గడవాలి, ముందుగా నోటీసు ఇచ్చి రాయల్టీ కట్టాలి, ఏడాదికి ఒక్కో పాటకి కనీసం 50,000 ప్రతుల లెక్కన. అట్ట మీద కవర్ వెర్షన్ అని రాయాలి, మూలగాయకుల పేరూ బొమ్మా వేయకూడదు. హక్కుదారుల ఒప్పుదల లేకుండా, సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప మాటా వరసా మార్చకూడదు. ఆ సెక్షన్ ధ్వని రికార్డుకే. వీడియోకి విడిగా అనుమతి అడగాలి.

వచ్చే శనివారం సాధన ఫోనులో రికార్డు చేసి పంపు. ఫోను ఆంప్ దగ్గర పెట్టకు, గది మధ్యలో కుర్చీ మీద పెట్టు. 'శివశంకరీ' రెండుసార్లు పంపు, ఒకటి గిటారుతో, ఒకటి ఉత్త గొంతూ బేస్‌తో.

నాన్నగారికి నమస్కారాలు. అమ్మని మెట్లు ఎక్కనివ్వకు, టిఫిన్లు నువ్వే కిందకి దిగి తెచ్చుకో.

ప్రేమతో,
అక్క