శీనుగాడికి, ఎండ చేతుల సంగతి

హైదరాబాద్

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన సీరం కరపత్రం వారంగా నా బుర్ర తొలిచేస్తోంది. పది మందిలో ఎనిమిది మందికి ముడతలు తగ్గాయంట, సరే. ఏం రాసుకున్నవాళ్లతో పోలిస్తే తగ్గాయో ఎక్కడైనా రాశారా? పదహారేళ్లుగా ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి బండి మీద వెళ్లొస్తున్నవాణ్ణి, చొక్కా చెయ్యి ఆగినచోట గీత గీసినట్టు రెండు రంగులు నాకు. ఆశ నాకూ ఉంటుంది కదరా!

ఈ ముడతల మందుల్లో పరీక్షకు నిలబడింది ట్రెటినాయిన్, విటమిన్ ఎ జాతి పైపూత మందు. 1988లో అమెరికాలో 30 మందితో 16 వారాల ప్రయోగం అచ్చయింది. ఒక ముంజేతికి 0.1 శాతం మందు క్రీము, రెండోదానికి మందు లేని ఉత్త క్రీము. ఉత్తది ఎందుకంటావా? కొబ్బరినూనె రాసినా ఎండిన చర్మం నిగనిగలాడుతుంది, సన్నగీతలు కాసేపు కనపడవు. ఆ నిగనిగని పక్కన పెడితేగానీ మందు పనెంతో తేలదు. మందు చెయ్యే మెరుగైంది. కానీ తిరకాసు చూడు: మందు వాడినవాళ్లలో 92 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు చర్మం రేగింది. ఏ చేతికి ఏదో దాచిపెట్టినా, ఎర్రబడ్డ చెయ్యే చెప్పేస్తుంది! మనలాంటి చామనఛాయ వాళ్లకైతే ఆ రేగినచోట నల్లమచ్చ మిగలొచ్చు కూడా.

చెల్లెమ్మ రాసుకుంటానందన్నావు. ఐదో నెల కదా, ట్రెటినాయిన్ వద్దే వద్దని చెప్పు.

నన్ను ఒప్పించింది మాత్రం మామూలు సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలో నాంబర్ అనే ఊళ్లో 903 మందిని నాలుగున్నరేళ్లు చూశారు, 2013లో అచ్చు వేశారు. కొందరు రోజూ రాసుకోవాలి, మిగతావాళ్లు తమ ఇష్టం. అరచేతి వెనకవైపు చర్మానికి సిలికాన్ అచ్చులు తీసి, ఎవరిది ఏ గుంపో తెలియనివాళ్లతో చూపించారు. రోజూ రాసినవాళ్లలో చర్మం ముదరడం 24 శాతం తక్కువ. వాళ్ల చర్మం తెలుపు, మనకి ముడతల కంటే మచ్చలే ముందొస్తాయి, అది గుర్తుపెట్టుకునే చెబుతున్నా.

నేనూ ఒక ప్రయోగం మొదలెట్టా. ఎడమ చేతికే సన్‌స్క్రీన్. మూడు వారాలయ్యాక, ఏ చెయ్యో చెప్పకుండా తేడా చూడమని మీ వదినని అడిగా. రెండు చేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇదే" అంది.

నీ
రాజు