హెడ్‌ఫోన్లు పెడితే చిన్నచూపు పోదు

సంపాదకుడు గారికి,

మానసిక జబ్బులపై అవగాహన కోసం ఉద్యోగులకు హెడ్‌ఫోన్లు పెట్టి, స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవారికి, ఎవరూ మాట్లాడకపోయినా, చెవుల్లో మాటలు ఎలా వినిపిస్తాయో చూపించారని మీ పత్రికలో వచ్చింది. ఆ వార్త పాతబడినా రాయకుండా ఉండలేకపోతున్నాను. పాల్గొన్నవాళ్లు చెప్పినదంతా ఒకటే: భయం వేసింది, మధ్యలోనే తీసేశాం. దాన్ని మీరు విజయంగా రాశారు! అంత భయపడ్డవాళ్లు రేపు ఆ జబ్బున్న మనిషికి ఇల్లు అద్దెకిస్తారా, ఉద్యోగమిస్తారా అని మీ విలేకరి అడగలేదు.

మా తమ్ముడు చాలా ఏళ్లుగా ఈ జబ్బుతో బతుకుతున్నాడు. మాటలు వినిపిస్తే రేడియో పెట్టుకుంటాడు, లేదా "నీకూ వినిపించిందా అక్కా?" అని నన్ను అడిగి, కాదంటే తన పనిలో పడతాడు. ఇది ఒక్కరోజులో వచ్చిన నేర్పు కాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నవాళ్లకు తెలిసేది మొదటి పావుగంట గాభరా మాత్రమే, ఆ నేర్పు కాదు. మందుల వల్ల వచ్చే మగత, పెరిగే బరువు, వణికే చేతులు, ఫోన్ చేయడం మానేసిన స్నేహితులు, ఇవేవీ ఆ రికార్డింగులో ఉండవు. వాడిని ఎక్కువ బాధపెట్టినవి మాత్రం అవే.

ఇలాంటి శిక్షణకు పేరు తెచ్చిన ప్యాట్రీషియా డీగన్ అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త. టీనేజీలో ఆమెకే స్కిజోఫ్రీనియా ఉందని డాక్టర్లు చెప్పారు. ఆ మాటలు వింటూనే పనులు చేయించడం, డాక్టరు అడిగినట్టు అడిగే ప్రశ్నలకు జవాబులు చెప్పించడం, తర్వాత కూర్చోబెట్టి చర్చించడం ఆమె పద్ధతి. మనవాళ్లు అందులోంచి హెడ్‌ఫోన్లు మాత్రం తీసుకుని, మనిషిని వదిలేశారు. మీ వార్తలో జబ్బుతో బతుకుతున్నవారి మాట ఒక్కటీ లేదు.

ఇది నా ఒక్కదాని బాధ కాదు. ఇలాంటి ప్రయోగాలపై వచ్చిన అధ్యయనాలను 2011లో ఒకచోట చేర్చి చూస్తే, సానుభూతి పెరిగింది, ఆ మనుషులకు దూరంగా ఉండాలన్న కోరికా పెరిగింది. కళ్లకు గంతలు కట్టి అంధుల కష్టం చూపించిన ప్రయోగంలోనూ అంతే. గంతలు విప్పాక, అంధులకు పని చేసే, సొంతంగా బతికే సామర్థ్యం తక్కువని వాళ్లు అంచనా వేశారు. మరి చిన్నచూపును తగ్గించేది ఏమిటి? 14 దేశాల అధ్యయనాలను కలిపి 2012లో చేసిన విశ్లేషణ ప్రకారం, పెద్దవాళ్ల విషయంలో ఉపన్యాసాల కంటే ఆ జబ్బున్నవారిని నేరుగా కలిసి మాట్లాడటమే బాగా పనిచేసింది. దీనికి యంత్రాలు కొనక్కర్లేదు. బహుశా అందుకే అధికారులకు నచ్చదు.

ఏ శాఖలో చూసినా ఇదే తంతు. ఒకరోజు కార్యక్రమం, ఫ్లెక్సీ, ఫొటో, సర్టిఫికెట్. మర్నాడు అదే ఆఫీసుకు తమ్ముడికి కావాల్సిన సర్టిఫికెట్ కోసం వెళ్తే వాడితో ఒక్క మాట మాట్లాడకుండా అన్నీ నన్నే అడుగుతారు, వాడు పక్కనే నిలబడి ఉన్నా సరే. ఆస్పత్రిలో మందులు లేవంటే జవాబు చెప్పే నాథుడు ఉండడు. పత్రికలూ తక్కువ తినలేదు. నేరం జరిగిన ప్రతిసారీ, ఇంకా ఏదీ తేలకముందే, "మతిస్థిమితం లేని వ్యక్తి" అని శీర్షిక పెట్టేస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఈ జబ్బు ప్రపంచంలో రెండు కోట్ల మందికి పైగా ఉంది, వారిలో కనీసం ముగ్గురిలో ఒకరు పూర్తిగా కోలుకోగలరు. కోలుకున్నవారి గురించి మీ పత్రికలో ఎప్పుడు చదివామో నాకు గుర్తులేదు.

తర్వాతి శిక్షణలో హెడ్‌ఫోన్లు ఉంటే ఉండనివ్వండి. కానీ సగం సమయం ఆ జబ్బుతో బతుకుతున్నవారికి ఇవ్వాలి, మిగతా వక్తలకిచ్చే పారితోషికమే వాళ్లకూ ఇవ్వాలి. పిలిస్తే మా తమ్ముడు వస్తానంటున్నాడు.

ఒక పాఠకురాలు