వావ్ (వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్) ఫోన్‌లోకి రావాలా? చర్చకి నా లెక్క

అందరికీ, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆన్‌లైన్ ఆటకి మొబైల్ వెర్షన్ కావాలన్న వాళ్ళంతా అలాంటిదే ఇంకో ఆట, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌ని చూపిస్తున్నారు. అది 2018 అక్టోబర్ 30న ఫోన్‌లోకి వచ్చింది, కంప్యూటర్‌లో ఉన్న అదే అకౌంట్, అవే సర్వర్లు. కానీ అక్కడ కుదరడానికి అసలు కారణం టిక్. సర్వర్ 0.6 సెకన్లకి ఒకసారే ఆటని ముందుకి కదుపుతుంది. పింగ్ (సిగ్నల్ సర్వర్‌కి వెళ్ళి వచ్చే సమయం) 200 మిల్లీసెకన్లున్నా చెట్లు కొట్టడానికి, చేపలు పట్టడానికి తేడా పెద్దగా తెలీదు. దాదాపు అంతా క్లిక్ మీదే నడుస్తుంది. వేలు నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ మెనూ.

వావ్ అలా కాదు. మిథిక్ రెయిడ్‌లో (అన్నిటికన్నా కష్టమైన గుంపు పోరు) 20 మంది, ఒక్కొక్కరికి పాతిక దాకా బటన్లు. స్పెల్ వేస్తూ, కెమెరా తిప్పుతూ, కాళ్ళ కింద మంట నుంచి పక్కకి జరగాలి. ఆరంగుళాల తెర మీద రెండు బొటనవేళ్ళు పోగా కనిపించేదెంత? యాడాన్ల (ఆటగాళ్ళు తగిలించుకునే అదనపు టూల్స్) మాట సరేసరి. బటన్లు తగ్గిస్తే అది వేరే ఆట అయిపోతుంది. 2020లో వచ్చిన ఈవ్ ఎకోస్ అలా విడిగా కట్టిందే; కంప్యూటర్‌లోని అంతరిక్ష ఆట ఈవ్ ఆన్‌లైన్‌లో మీకున్న ఓడలు, ఆస్తులు అందులోకి రావు.

నా ఓటు: ఆక్షన్ హౌస్ (ఆటలోని వేలం సంత), మెయిల్, క్రాఫ్టింగ్, గిల్డ్ (ఆటగాళ్ళ జట్టు) చాట్‌కి ఒక యాప్ చాలు. 2016లో వావ్ ఎక్స్‌పాన్షన్ లీజన్‌తో వచ్చిన కంపానియన్ యాప్ దారి సరైనదే, కాస్త పెంచాలంతే.

రూన్‌స్కేప్ ఫోన్‌లో ఆడేవాళ్ళకి: బాస్ (పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్ళేముందు వైఫై, డేటాల్లో ఒకటే ఉంచండి. మధ్యలో మారితే కనెక్షన్ తెగుతుంది. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి, లేకపోతే కాల్ మాట్లాడి వచ్చేలోపు ఫోన్ దాన్ని మూసేయొచ్చు. ఛార్జింగ్ పెట్టి ఆడితే ఫోన్ వేడెక్కి నెమ్మదిస్తుంది. హార్డ్‌కోర్ ఐరన్‌మ్యాన్ (ఒక్కసారి చస్తే ఆ హోదా పోయే మోడ్) అయితే ఫోన్‌లో బాస్‌ల జోలికే పోకండి.